పికప్ ఇరుసుకు బలం ఎక్కడ కావాలి?

ఇందుకూరుపేట, విడవలూరు, ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల గట్ల మీద మేత బస్తాలు మోసే పికప్, చీమకుర్తి గ్రానైట్ క్వారీలో డీజిల్ డ్రమ్ములతో ర్యాంపు ఎక్కే పికప్ ఒకే కంపెనీవి, ఒకే మోడల్‌వి కావొచ్చు. వెనక ఇరుసు పాడయ్యే తీరు మాత్రం రెండింటికీ ఒకటి కాదు. గట్టు మీది బండికి మొదట ఆయిల్ సీలు పోతుంది, తర్వాత బేరింగ్ మోత మొదలవుతుంది. అప్పుడూ పట్టించుకోకపోతే ఒక రోజు షాఫ్ట్ (చక్రాన్ని తిప్పే కడ్డీ) బేరింగ్ దగ్గర తెగి చక్రం బయటికి వచ్చేస్తుంది. క్వారీ బండి అంత వ్యవధి ఇవ్వదు. ర్యాంపు మధ్యలో టప్‌మని శబ్దం వస్తుంది, బండి నిలబడిపోతుంది. విప్పి చూస్తే షాఫ్ట్ మెలితిరిగి తెగి ఉంటుంది, లేదంటే క్రౌన్ (ఇరుసు మధ్యలోని పెద్ద పళ్ల చక్రం) పళ్లు ఊడి హౌసింగ్ (ఇరుసు పైగొట్టం) అడుగున పడి ఉంటాయి.

ఈ రెండింటికీ ఇప్పుడు ఒకే మందు చెబుతున్నారు: యాక్సిల్ అప్‌గ్రేడ్, అంటే ఇరుసును బలపరచడం. లావు షాఫ్ట్ వేయించు, లాకర్ (రెండు వెనక చక్రాలూ కలిసే తిరిగేలా చేసేది) పెట్టించు, కుదిరితే పెద్ద బండి యాక్సిల్ మొత్తం దించేయ్. ఈ సలహా ఎక్కువగా అమెరికా, ఆస్ట్రేలియా ఆఫ్‌రోడ్ వీడియోల నుంచి వస్తోంది. అక్కడ ఖాళీ పికప్‌ను పెద్ద టైర్లతో బండరాళ్ల మీదికి ఎక్కించడం ఒక ఆట. ఆ ఆటలో షాఫ్టులు మెలితిరిగే విరుగుతాయి కాబట్టి అక్కడి సామాన్లన్నీ ఆ మెలిని తట్టుకోవడానికే తయారవుతాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పికప్ చేసేది వేరే పని. టన్నుకు తగ్గని లోడుతో, గుంతల్లో, నీళ్లల్లో, రోజూ. డబ్బు ఖర్చు పెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: విరిగింది బరువుకా, మెలికా, తుప్పుకా?

బరువు వేరు, మెలి వేరు

ఒంగోలు గిత్తలు లాగే బండి ఇరుసుకు ఒకే పని ఉంటుంది, బరువు మోయడం. లాగే బలం కాడి మీద ఉంటుంది కాబట్టి ఇరుసును మెలితిప్పేది ఏదీ లేదు. పికప్ వెనక ఇరుసుకు ఆ సుఖం లేదు. బరువు మోయాలి, ఇంజిన్ నుంచి వచ్చే టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, చక్రానికి అందించాలి, బ్రేకు వేసినప్పుడు ఎదురు తిరిగే బలాన్నీ తట్టుకోవాలి. ఇసుజు డీమ్యాక్స్, టొయోటా హైలక్స్, టాటా యోధా, మహీంద్రా బొలేరో పికప్, వీటన్నిటికీ వెనక వైపు కమాన్ కట్టల మీద కూర్చున్న గట్టి యాక్సిలే ఉంటుంది. గొట్టం లాంటి హౌసింగ్, మధ్యలో క్రౌన్, దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం పినియన్, మలుపుల్లో రెండు చక్రాలూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్, రెండు వైపులా షాఫ్టులు.

ఇందులో బరువు ఎవరి మీద పడుతుందన్నది అసలు ప్రశ్న. లారీల్లో, టాటా 407 లాంటి బళ్లల్లో చక్రం బిగించే హబ్ రెండు బేరింగుల మీద హౌసింగ్ కొసనే తిరుగుతుంది. బరువంతా హౌసింగ్‌దే. షాఫ్ట్ లోపల తేలుతూ టార్క్ మాత్రమే మోస్తుంది. దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ అంటారు. షాఫ్ట్ తెగినా చక్రం ఎక్కడికీ పోదు, షాఫ్ట్‌ను బయటికి లాగేసి బండిని కట్టుకుని తీసుకుపోవచ్చు. చిన్న పికప్‌లలో ఎక్కువగా ఉండేది సెమీ ఫ్లోటింగ్. ఇక్కడ చక్రం షాఫ్ట్ చివరి ప్లేటుకే బిగించి ఉంటుంది. ఆ చివర ఒకటే బేరింగ్. అంటే షాఫ్ట్ మెలి తట్టుకుంటూనే బండి బరువుకు వంగుతూ కూడా ఉంటుంది.

వంగడం అన్నది చూడ్డానికి చిన్న మాట. లెక్క వేస్తే తెలుస్తుంది. 245/70 ఆర్ 16 టైరు ఎత్తు సుమారు 749 మిల్లీమీటర్లు. ఒక చుట్టుకు బండి 2.35 మీటర్లు నడుస్తుంది, కిలోమీటరుకు దాదాపు 425 చుట్లు. చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ పైభాగం కిందికి, కిందిభాగం పైకి వస్తాయి కాబట్టి ప్రతి చుట్టుకూ అది ఒకసారి అటూ ఇటూ వంగినట్టే. ఏడాదికి 20,000 కిలోమీటర్లు తిరిగే బండిలో ఇది 85 లక్షల సార్లు. ఒక్కసారి పడే పెద్ద దెబ్బను తట్టుకున్న ఉక్కు కూడా లక్షల సార్లు పడే చిన్న వంపుకు సన్నటి పగులు ఇస్తుంది. పగులు మెల్లగా లోపలికి పాకి, మిగిలిన లోహం చాలనప్పుడు తెగుతుంది. ఫెటీగ్ అనేది దీన్నే. "నిన్నటి దాకా బాగానే ఉంది, ఖాళీ బండి, సాఫు రోడ్డు మీద విరిగింది" అని డ్రైవర్లు చెప్పేదాంట్లో అబద్ధం ఏమీ లేదు. విరగడం ఎప్పుడో మొదలైంది, పూర్తయింది మాత్రం ఆ రోజు.

అందుకే విరిగిన షాఫ్ట్‌ను పాత ఇనుము కొట్టుకు వేసే ముందు తెగిన ముఖం చూడాలి. చాలా షెడ్లలో చూడరు. ఒక అంచు నుంచి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి పాకుతూ, చాలా భాగం నున్నగా ఉండి, చివర కొద్ది భాగం గరుకుగా ఉంటే అది ఫెటీగ్. వంపు, తుప్పు, ఎక్కువ లోడు కారణాలు. తెగిన చోటు షాఫ్ట్‌కు ఏటవాలుగా, చుట్టుకుంటూ పోయినట్టు ఉంటే ఒక్క దెబ్బ మెలితో గట్టిబరిచిన షాఫ్ట్ పగిలిందని అర్థం. అడ్డంగా, చదునుగా, మధ్యలో సుడి తిరిగినట్టు ఉంటే మెత్తటి ఉక్కు మెలికి లొంగిపోయింది. షాఫ్ట్ తెగకముందే దాని కొసనుండే స్ప్లైన్ గాడులు (డిఫరెన్షియల్‌లో దిగే పళ్లు) తిన్నగా కాకుండా కొంచెం పక్కకు ఒరిగి కనిపిస్తే అదీ మెలి గుర్తే. ఫెటీగ్‌తో విరిగిన చోట ఖరీదైన షాఫ్ట్ వేసి, లోడు, సీలు, హౌసింగ్ అలాగే ఉంచితే కొత్తది కూడా అదే చోట తెగుతుంది.

గుంటల మీద బళ్లకు టార్క్ కన్నా నీరే శత్రువు

వాన పడిన బంకమట్టి గట్టు మీద టైరుకు పట్టు ఉండదు. చక్రం జారిపోతే షాఫ్ట్ మీద మెలి పెరగడానికి ఆస్కారమే లేదు, ఎందుకంటే షాఫ్ట్‌ను తిప్పే బలం ఎంతైనా, దాన్ని ఆపే బలం నేల పట్టు దగ్గరే తేలుతుంది. వెనక ఇరుసు మీద 1,800 కిలోలు ఉన్నాయనుకుందాం. జారుడు మట్టి మీద రాపిడి 0.3 వేసుకుంటే రెండు షాఫ్టుల మీద కలిపి పడే టార్క్ 2,000 న్యూటన్ మీటర్లకు లోపే. అదే బండి పొడి రాతి ర్యాంపు మీద, రాపిడి 0.8 దగ్గర, 5,200 దాకా పోతుంది. కాబట్టి గట్టు మీద బండికి లావు షాఫ్ట్ పెట్టడం లేని రోగానికి మందు వేయడమే.

ఆ బండికి ఉన్న రోగం బ్రీదర్‌తో మొదలవుతుంది. హౌసింగ్ పైన చిన్న గాలి మూత ఒకటి ఉంటుంది. లోపల ఆయిల్ వేడెక్కినప్పుడు పెరిగే గాలిని బయటికి వదలడం దాని పని. గట్ల బురదకు అది పూడుకుపోతుంది. నెల్లూరు నుంచి లోడుతో వచ్చి బాగా వేడెక్కిన హౌసింగ్ ఒక్కసారిగా నీళ్ల కాలువలో దిగితే లోపలి గాలి చల్లబడి ముడుచుకుంటుంది. ఆ ఖాళీ నిండడానికి గాలి కావాలి. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీలు అంచు నుంచే లోపలికి లాక్కుంటుంది, అదీ నీళ్లను. తెరిచే ఉన్నా నీటి మట్టం బ్రీదర్ పైకి వస్తే దాంట్లో నుంచే నీళ్లు దిగుతాయి. ఒక మీటరు రబ్బరు గొట్టం వేసి బ్రీదర్‌ను ఛాసీ పైకి, వీలైతే బాడీ ముందు గోడ ఎత్తుకు తీసుకుపోతే ఈ గొడవ తీరుతుంది. ఈ ప్రాంతపు పికప్‌కు దీన్ని మించిన యాక్సిల్ అప్‌గ్రేడ్ లేదంటే లావు షాఫ్టులు అమ్మేవాళ్లకు కోపం రావొచ్చు.

మంచినీళ్లు లోపలికి పోతే ఆయిల్ తెల్లబడుతుంది, పళ్ల మధ్య పొర నిలవదు. ఉప్పునీళ్లు పోతే ఇంకో నష్టం కూడా. వనామీ రొయ్యల గుంటల నీరు, వాగుల్లోకి ఎగదన్నే సముద్రపు నీరు ఉక్కు మీద సూదిమొన గుంటలు వేస్తాయి. బేరింగ్ కూర్చునే చోట షాఫ్ట్ మీద అలాంటి గుంట ఒక్కటి పడితే చాలు, ఫెటీగ్ పగులుకు పుట్టిల్లు దొరికినట్టే. మామూలుగా ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దుకు లోపు బరువుతో ఎన్నిసార్లు వంచినా పగలదు. ఉప్పు తడిలో ఆ హద్దు ఉండదు, తక్కువ బరువుకు కూడా కాలం గడిస్తే పగులుతుంది. రొయ్యల పట్టుబడి రోజుల్లో ఐసు, ఉప్పునీళ్లు కారే ట్రేలతో తిరిగిన బండి వెనక బాడీ కింద ఈ పని కంటికి కనపడకుండా జరుగుతూనే ఉంటుంది. సాయంత్రం మంచినీళ్ల పైపుతో ఇరుసు, బ్రేక్ డ్రమ్ములు, కమాన్లు కడగడం అలవాటున్న యజమానుల బళ్లకు బేరింగులు ఎక్కువ కాలం వస్తాయి. ప్రెషర్ గన్ మాత్రం సీలు మీదికి నేరుగా పెట్టకూడదు, అది నీళ్లను లోపలికే తోస్తుంది.

ఇక లోడు. మేత బస్తా 25 కిలోలు, 60 బస్తాలు వేస్తే టన్నున్నర. ఇదంతా దాదాపు వెనక ఇరుసు మీదే. చక్రం గుంతలో పడి లేచేటప్పుడు పడే బరువు నిలకడ బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది. దీనికి ఊళ్లల్లో చేసే మరమ్మతు కమాన్ కట్టలో రెండు పట్టీలు ఎక్కువ వేయించడం. బండి వెనక కూర్చుండిపోదు, నిజమే. కానీ కమాన్ వంగి మింగేయాల్సిన దెబ్బ ఇప్పుడు హౌసింగ్‌కు పోతుంది. పట్టీలు ఎక్కించిన చోట హౌసింగ్ వంగడం వింతేమీ కాదు. గట్టి ఇరుసు ఉన్న బండికి వెనక టైర్ల లోపలి అంచు రెండు వైపులా అరుగుతుంటే, కొత్త సీలు వేసినా మళ్లీ మళ్లీ కారుతుంటే, హౌసింగ్ వంగిందేమో కొలిపించాలి. వెనక అలైన్‌మెంట్ ఎలాగూ ఉండదు కదా అని వదిలేస్తే టైర్ల ఖర్చు కనిపిస్తుంది, షాఫ్ట్ ఖర్చు వెనకాల వస్తుంది.

క్వారీ ర్యాంపుల దగ్గర లెక్క మారుతుంది

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌ను భూగర్భ శాస్త్రం గాబ్రో జాతి రాయి అంటుంది, వ్యాపారానికే అది గ్రానైట్. పేరు ఏదైనా, ఆ రాతి ర్యాంపుల మీద టైరు పట్టు బాగా ఉంటుంది. లో రేంజిలో (ఫోర్ వీల్ బళ్లల్లో వేగం తగ్గించి లాగుడు పెంచే అదనపు గేరులో) మొదటి గేరు వేస్తే ఇంజిన్ టార్క్ ఎన్నో రెట్లు పెరిగి షాఫ్టుకు చేరుతుంది. 360 న్యూటన్ మీటర్ల ఇంజిన్, మొదటి గేరు 4, లో రేంజి 2.5, క్రౌన్ పినియన్ 4 అనుకుంటే గుణించగా 14,400. ఇంత బలాన్నీ ఏ టైరూ నేలకు దించలేదు, ముందే జారిపోతుంది. ఆ జారడమే షాఫ్ట్‌ను కాపాడే ఫ్యూజు. ర్యాంపు మీద ఆ ఫ్యూజు ఆలస్యంగా ఎగురుతుంది.

లాకర్ పెడితే ఇంకా ఆలస్యం. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక చక్రం గాల్లో లేస్తే రెండో చక్రానికీ బలం అందదు, బండి ఆగిపోతుంది, షాఫ్ట్ బతికిపోతుంది. లాక్ చేస్తే నేల మీదున్న ఒక్క చక్రానికే మొత్తం టార్క్ పోవచ్చు. అంతకుముందు రెండు షాఫ్టులు పంచుకున్న 5,200 న్యూటన్ మీటర్లు ఒక్క షాఫ్ట్ మీద పడినట్టు. లాకర్ కావాలనుకున్నవాళ్లు షాఫ్టుల బలం గురించి ముందే ఆలోచించాలనేది ఇందుకే. హైలక్స్‌లో వెనక డిఫరెన్షియల్ లాక్ కంపెనీ నుంచే వస్తుంది, దానికి తగ్గ షాఫ్టులతోనే వస్తుంది. డిఫరెన్షియల్ పళ్లను వెల్డింగ్ చేసి శాశ్వతంగా లాక్ చేసే చవక పద్ధతి గురించి చెప్పుకోవాల్సింది తక్కువే: తారు రోడ్డు మలుపులో ఆ రెండు చక్రాలూ ఒకదాన్నొకటి ఈడుస్తాయి, టైర్లూ షాఫ్టులూ రెండూ పోతాయి.

గుంటల గట్ల మీద లాకర్‌కు ఇంకో చిక్కు ఉంది. ఒక చక్రం జారుతుంటే రెండోది నిలకడగా ఉండి బండిని పక్కకు పోకుండా పట్టుకుంటుంది. లాక్ చేస్తే రెండూ కలిసి తిరుగుతాయి, రెండూ కలిసి జారతాయి, బండి వెనక భాగం గట్టు వాలు వైపుకు, అంటే గుంటలోకి, పక్కగా దిగుతుంది. ఇరుకు గట్టు మీద లాక్ బటన్ నొక్కే ముందు ఇది గుర్తుంటే మంచిది.

షాఫ్ట్ ఎంత లావు పెంచితే ఎంత బలం? మెలిని తట్టుకునే బలం వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 33 మిల్లీమీటర్ల షాఫ్ట్ బదులు అదే ఉక్కుతో 36 మిల్లీమీటర్లది వేస్తే పెరిగింది 3 మిల్లీమీటర్లే, బలం మాత్రం 30 శాతం. అమెరికా పికప్‌లలో పేరున్న డానా 44 యాక్సిల్ షాఫ్ట్‌కు 30 స్ప్లైన్లు, వ్యాసం 33 మిల్లీమీటర్లు. డానా 60లో 35 స్ప్లైన్ల షాఫ్ట్ 38 మిల్లీమీటర్లు. బలంలో తేడా సగానికి సగం. అక్కడివాళ్లు 44 తీసి 60 వేయడం వెనక ఉన్నది ఈ లెక్కే. దాంతోపాటు క్రౌన్ కూడా 216 మిల్లీమీటర్ల నుంచి 248కి పెరుగుతుంది.

ఉక్కు రకం కూడా అంతే ముఖ్యం. లేత్ షాపుల్లో సులభంగా దొరికే ఈఎన్ 8 మధ్యరకం కార్బన్ ఉక్కు. ఈఎన్ 19లో క్రోమియం, మాలిబ్డినం ఉంటాయి. ఈఎన్ 24లో వాటికి నికెల్ తోడవుతుంది, అమెరికావాళ్లు 4340 అనేది దానికి సరిజోడు. అయితే ఈఎన్ 24 కడ్డీ కొని టర్నింగ్ చేసి, స్ప్లైన్లు కోసి బిగిస్తే పని అయిపోయినట్టు కాదు. హీట్ ట్రీట్‌మెంట్ (వేడి చేసి చల్లార్చి గట్టిపరచడం) లేని ఈఎన్ 24 కన్నా, సరిగ్గా ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో పైపొరను వేడి చేసి గట్టిపరచడం) చేసిన కంపెనీ షాఫ్టే నయం. పైపొర గట్టిగా, లోపలి భాగం పగలకుండా సాగేలా ఉండాలి. మొత్తం గట్టిపడితే గాజులా పగులుతుంది, మొత్తం మెత్తగా ఉంటే స్ప్లైన్లు మెలితిరుగుతాయి. వ్యాసం మారే చోట పదునైన మూల వదిలితే అక్కడే పగులు పుడుతుంది, గుండ్రటి మలుపు ఇవ్వాలి. హీట్ ట్రీట్‌మెంట్ కాగితం చూపించలేని షాఫ్ట్ ఎంత మెరిసినా నమ్మకూడదు.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. షాఫ్ట్ గట్టిపడితే విరిగే వంతు ఇంకొకరికి వస్తుంది. షాఫ్ట్ నిలిస్తే క్రౌన్ పినియన్ పళ్లు, అవీ నిలిస్తే గేర్ బాక్స్ నుంచి ఇరుసుకు బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్, అదీ నిలిస్తే గేర్ బాక్స్. షాఫ్ట్ మార్చడం చిన్న షెడ్డులో కూడా జరిగే పని, ముఖ్యంగా చక్రం వైపు నుంచి లాగే రకాలకు. క్రౌన్ పినియన్ మార్చాలంటే హౌసింగ్ విప్పాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఖాళీ) కొలవాలి, పినియన్ బేరింగ్ బిగింపు చూసుకోవాలి, రంగు పూసి పళ్ల మీద అచ్చు ఎక్కడ పడుతుందో చూడాలి. ఇవి చేయగల చేతులు తక్కువ. ఏది విరిగితే తక్కువ నష్టమో దాన్ని కావాలనే బలహీనంగా ఉంచడం తెలివైన పని. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ దీనికి సరిపోతుంది: బయటే ఉంటుంది, ధర తక్కువ, రోడ్డు పక్కన కూడా మార్చుకోవచ్చు.

టైర్లు, స్పేసర్లు, గేరు

యాక్సిల్ జోలికి పోకుండానే యాక్సిల్‌ను బలహీనం చేసే పనులు రెండున్నాయి. మొదటిది పెద్ద టైరు. 245/70 ఆర్ 16 తీసి 265/75 ఆర్ 16 వేస్తే ఎత్తు 749 నుంచి 804 మిల్లీమీటర్లకు పోతుంది, 7 శాతం పైనే. స్పీడోమీటర్ 80 చూపిస్తుంటే బండి 86లో పోతుంటుంది. నేలను అదే బలంతో నెట్టాలంటే షాఫ్ట్ 7 శాతం ఎక్కువ మెలి పడాలి. పోయిన లాగుడు తిరిగి రావాలంటే 4.1 క్రౌన్ పినియన్ బదులు 4.4 దగ్గరది కావాలి. ఒకే సైజు క్రౌన్‌లో నిష్పత్తి పెరిగితే పినియన్ చిన్నదవుతుంది, దాని పళ్లు బలహీనపడతాయి. ఫోర్ వీల్ బండికైతే ముందు, వెనక ఒకే నిష్పత్తి ఉండాలి, ఒక్క వెనకే మార్చి ఫోర్ వీల్ వేస్తే ముందు, వెనక ఇరుసులకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పాడవుతుంది.

రెండోది వీల్ స్పేసర్, లేదా బయటికి పొడుచుకొచ్చే అలాయ్. చూపుకు బండి వెడల్పుగా కనిపిస్తుంది. ఉదాహరణకు చక్రం మధ్య గీత బేరింగ్‌కు 70 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 30 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే ఆ దూరం 100 అవుతుంది, షాఫ్ట్‌ను బేరింగ్ దగ్గర వంచే బలం 43 శాతం పెరుగుతుంది. అది కూడా కిలోమీటరుకు 425 సార్లు. సెమీ ఫ్లోటింగ్ ఇరుసు ఉన్న లోడు బండికి స్పేసర్ వేయడం కన్నా వేరే చెడ్డ పని వెతకడం కష్టం.

మైపాడు, కొత్తపట్నం ఇసుక మీద మాత్రం పరిష్కారం ఖాళీ చేతుల్లోనే ఉంది. లోడు దించి టైరు గాలి తగ్గిస్తే టైరు అచ్చు పొడవు పెరుగుతుంది, ఇసుకలో కూరుకుపోదు, ఇరుసు మీద భారమే తగ్గుతుంది. ఇసుకలో షాఫ్టులను విరిచేది చక్రం వేగంగా తిరుగుతూ ఎగిరి ఒక్కసారిగా గట్టి నేలను పట్టుకోవడం. ఎగరడం మొదలవగానే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీయాలి. ఎంత ఖరీదైన షాఫ్ట్ ఉన్నా ఆ దెబ్బకు లెక్క ఉండదు.

హౌసింగ్ మీద వెల్డింగ్

బరువుతో వంగిన హౌసింగ్‌కు పైన ఇనుప చట్రం, అంటే ట్రస్, వెల్డింగ్ చేయడం బాగా తెలిసిన పద్ధతి. దీంట్లో బలం ఎంత వస్తుందో, చేతకాకపోతే చెడుపు అంత వస్తుంది. ఉక్కును వెల్డింగ్ చేస్తే చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది. పైవైపున ఒక్క దెబ్బతో పొడుగునా వెల్డింగ్ పట్టిస్తే పైవైపు కురచై గొట్టం రెండు కొసలూ పైకి లేస్తాయి. లోడు కూడా కొసల్ని అటే వంచుతుంది. అంటే బలం కోసం చేసిన పని, బండికి బిగించే లోపే ఇరుసును సగం వంచేసి పెడుతుంది. అంగుళం, రెండంగుళాల చొప్పున, ఒకసారి ఇటు, ఒకసారి అటు, మధ్యలో చల్లారనిస్తూ చేయాలి. ముందూ తర్వాతా హౌసింగ్ కొసలు ఒకే గీతలో ఉన్నాయో లేదో రెండు బేరింగ్ గూళ్ల నుంచి తిన్నటి కడ్డీ దూర్చి చూడాలి. లోపలి సామాను, సీళ్లు తీసేశాకే ఈ పని మొదలెట్టాలని వేరే చెప్పక్కర్లేదు.

హౌసింగ్ రకం కూడా చూడాలి. మొత్తం అచ్చులో వత్తిన ఉక్కు రేకుతో ఉండి, మధ్య గుండు ముందు నుంచి ఊడి వచ్చేదాన్ని బాంజో రకం అంటారు, దీనికి వెల్డింగ్ సులభం. మధ్యలో పోత ఇనుము, రెండు వైపులా అందులోకి దిగగొట్టిన ఉక్కు గొట్టాలు ఉండేది ఇంకో రకం. పోతను ముందు వేడి చేయకుండా, నికెల్ రాడ్ వాడకుండా మామూలు రాడ్‌తో అతికిస్తే అతుకు పక్కనే చీలుతుంది. ఆ పని వచ్చినవాళ్లు దొరక్కపోతే పోత జోలికి పోకుండా గొట్టాల వరకే బలం పెట్టుకోవడం మేలు.

కమాన్ కట్ట దగ్గర యు బోల్టులు పాతవే మళ్లీ వాడటం ఇక్కడ మామూలు. ఒకసారి బిగించి సాగిన యు బోల్ట్ రెండోసారి అదే బిగింపు ఇవ్వదు. వదులైతే కమాన్ మధ్య బోల్ట్ తెగి, ఇరుసు ఒక వైపు వెనక్కి జరుగుతుంది. బండి ఎత్తు పెంచడానికి కమాన్‌కూ ఇరుసుకూ మధ్య దిమ్మ పెడితే ఇంకో బాధ: లాగేటప్పుడు ఇరుసు మెలితిరిగే పట్టు పెరిగి, కమాన్ పాములా వంకర తిరిగి, పినియన్ మూతి పైకి లేస్తుంది. క్రాస్ జాయింట్లు పదేపదే పోతుంటే జాయింట్ కంపెనీని తిట్టే ముందు ఇది చూడాలి.

పెద్ద బండి ఇరుసు దించడం

పాత 407 ఇరుసు ఒకటి కొని పికప్ కింద పెట్టాలన్న ఆలోచన ఆటోనగర్ వైపు తిరిగేవాళ్లకు రాకుండా ఉండదు. ఫుల్ ఫ్లోటింగ్, లావు షాఫ్టులు, పాత సామానులో దొరుకుతుంది. కానీ వెడల్పు కలవదు, వీల్ బోల్టుల వలయం కలవదు, కమాన్ కూర్చునే దూరం కలవదు, క్రౌన్ నిష్పత్తి కలవదు, బ్రేకు మాస్టర్ సిలిండర్‌కు ఆ డ్రమ్ములు సరిపోవు. మధ్య గుండు పెద్దది కాబట్టి నేలకూ ఇరుసుకూ మధ్య ఎత్తు తగ్గుతుంది, దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పెద్ద టైర్లు, వాటికి ఇంకా పెద్ద ఖర్చు. కమాన్ కింద వేలాడే బరువు పెరగడంతో ఖాళీ బండి గుంతల్లో ఎగురుతుంది. వీటన్నిటికీ సమాధానం ఉంది, ఆ సమాధానాల మొత్తం ధరకు పెద్ద పేలోడ్ ఉన్న బండే వస్తుందేమో చూసుకోవాలి.

చట్టం కూడా అడ్డే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలతో ఆర్సీ పొంతన తప్పేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటను గట్టిగా చెప్పింది. 182ఎ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ఇరుసు ఎంత బలంగా చేయించినా ఆర్సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. ఎక్కువ లోడుకు 20,000 రూపాయలు, పైన ప్రతి టన్నుకూ 2,000 అలాగే పడతాయి. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట అడిగేదీ ఈ మార్పుల గురించే.

ముందు ఇరుసు గురించి ఇంత చెప్పక్కర్లేదు. చాలా ఫోర్ వీల్ పికప్‌లకు ముందు వైపు విడి సస్పెన్షన్, చక్రం వంపు తిరిగినా బలం అందించే సీవీ జాయింట్లు ఉంటాయి. స్టీరింగ్ చివరిదాకా తిప్పి లో రేంజిలో యాక్సిలరేటర్ తొక్కితే అవి విరుగుతాయి, స్టీరింగ్ కొంచెం నిటారు చేసి తొక్కితే విరగవు. రబ్బరు బూటు చిరిగితే ఇసుక లోపలికి పోయి జాయింట్‌ను తినేస్తుంది. బండి ముందు భాగం రెండంగుళాలకు మించి లేపితే జాయింట్ వంపు పెరిగి బూటు త్వరగా చిరుగుతుంది.

పని ఏది చేయించినా తర్వాతి నెల ముఖ్యం. యు బోల్టులు కొన్ని వందల కిలోమీటర్లకు మళ్లీ బిగించాలి. కొత్త క్రౌన్ పినియన్ వేస్తే మొదటి కొన్ని రోజులు లోడు తగ్గించి, మధ్య మధ్య ఆపి చల్లారనివ్వాలి, 800 కిలోమీటర్ల దగ్గర ఆయిల్ మార్చేయాలి. జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, ఎక్కువ లోడు తిరిగే బండికి కంపెనీ పుస్తకం ఒప్పుకుంటే 85డబ్ల్యూ-140. తీసిన ఆయిల్ పళ్లెంలో పట్టి వెలుతురులో చూడాలి. తెల్లబడి ఉంటే నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో తేలేదాకా కొత్త ఆయిల్ పోసినా ప్రయోజనం లేదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు పొడి ఉంటే అది కొత్త పళ్లు సర్దుకోవడం. గోటికి తగిలే ముక్క ఒక్కటి కనిపించినా హౌసింగ్ మళ్లీ విప్పాల్సిందే.